డెబ్భై నాలుగో పేజీ

మా పెలోటస్ ఊరివాళ్ళు చచ్చినా వెనక్కి తగ్గరని మా ఆట ఆడేవాళ్ళలో ఒక పేరుండేది. ఏడాదికోసారి పోర్తో అలెగ్రెలో అన్ని ఊళ్ళ జట్లూ కలిసి ఆడే చోట మమ్మల్ని చూసి నవ్వేవారు. చుట్టూ రాక్షసులు మూగినా సరే, మా ఊరివాడు నిలబడ్డచోటే కొట్టుకుని కొట్టుకుని చచ్చేవాడు తప్ప ఒక్క అడుగు వెనక్కి వేసేవాడు కాదు. అది మా పౌరుషమని మేమూ మురిసిపోయేవాళ్ళం. పౌరుషమూ లేదు, పాడూ లేదు. అదంతా మా నాన్న వాడే అట్టముక్క మహిమ అని ఆ శీతాకాలంలో తెలిసింది.

ఆట సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. బల్ల చుట్టూ నలుగురం కూర్చుంటాం. తలా ఒక వీరుణ్ణి కాగితం మీద రాసుకుంటారు. వాడి బలమెంత, వాడికి ఎన్ని ప్రాణాలున్నాయి, చేతిలో ఏముంది అన్నీ అందులో ఉంటాయి. అడవులూ కోటలూ రాక్షసులూ నడిపేది మేస్త్రీ. మా బల్లకి మేస్త్రీని నేనే. ఎవడి దెబ్బ ఎవడికి తగిలిందో ఇరవై ముఖాల పాచికలు చెబుతాయి. పాచికలు చెప్పలేనిది పుస్తకం చెబుతుంది.

ఆ పుస్తకం అసలుది ఊరు మొత్తానికీ ఒక్కటే వచ్చింది, ఎవరో పళ్ళ డాక్టరు కొడుకు విదేశాల నుంచి తెచ్చుకున్నది. దాన్ని కాపీ తీసింది మా జిరాక్స్ షాపులో, మా నాన్న చేత్తో. తర్వాత ఊళ్ళో అందరూ ఆ కాపీకి కాపీలు తీసుకున్నారు. నాన్నకి ఆ పనిలో మహా పట్టింపు. లావు పుస్తకం గాజు మీద పెడితే అంచుల్లో నల్లటి నీడ పడుతుంది కదా, అది పడితే ఆయనకి అన్నం సహించదు. తెల్ల అట్టముక్క ఒకటి కత్తిరించి పెట్టుకుని పేజీ అంచున పరిచేవాడు. "కాపీ అంటే ఉతికిన దుప్పటిలా ఉండాలి, ఇవోనెచీ" అనేవాడు నాతో.

ఇంటి ముందుగదిలోనే షాపు, అది పనిరోజుల్లోనే. శనాదివారాల్లో మా నాన్న ఓస్వల్డీనో పేటల లీగులో ఫుట్‌బాల్ రిఫరీ. ఇరవై ఆరేళ్ళు ఈల ఊదాడు. ఊదిన ఈల ఒక్కసారి కూడా వెనక్కి తీసుకోలేదని ఆయనకి గర్వం. మా తమ్ముడు వాల్మోర్ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది కూడా ఆ గర్వం వల్లే.

అప్పుడు వాడికి పదిహేడు. లీగు ఫైనల్. వాడి చొక్కా నంబరు నాలుగు. వానలో, బురదలో, పొగమంచులో ఎవడో అవతలివాడి కాలు విరగ్గొట్టాడు. నాన్న పరిగెత్తుకుంటూ వచ్చి నాలుగో నంబరుకి ఎర్ర కార్డు చూపించాడు. "నేను కాదు నాన్నా, నేను అక్కడ లేనే లేను" అని వాడు మొత్తుకున్నాడు. ఆ సాయంత్రం జట్టు చొక్కాలన్నీ ఉతకడానికి మా ఇంటికే వచ్చాయి. అమ్మ ఒక చొక్కా తీసి నాన్న ముందు బల్ల మీద పరిచింది. పద్నాలుగో నంబరు. అందులో ఒకటి అంకె మీద బురద ఎండి అట్టకట్టుకుపోయి ఉంది. నాన్న దాన్ని చాలాసేపు చూసి, "నివేదిక ఇచ్చేశాను, సెలీ" అన్నాడు. అంతే. నా కళ్ళతో చూశాను. కార్డు మచ్చ వల్ల ఆ పై గురువారం పెద్ద క్లబ్బు ఎంపికకి తమ్ముణ్ణి రావద్దన్నారు. వాడు బట్టలు సర్దుకుని కాలవ అవతల ఒక గదిలోకి మారాడు. ఫ్రిజ్‌లు బాగుచేయడం నేర్చుకున్నాడు. బంతి మళ్ళీ ముట్టుకోలేదు.

పదేళ్ళుగా వాడు మా ఇంటికి వచ్చేది శనివారం మధ్యాహ్నం, నా ఆట కోసం. నాన్న ఒంటిగంటకి మైదానానికి వెళ్ళేవాడు, వాడు రెండింటికి వచ్చేవాడు. వాడు ఆరింటికి వెళ్ళేవాడు, నాన్న ఏడింటికి వచ్చేవాడు. ఇద్దరూ ఎదురుపడకుండా పదేళ్ళు నడిపించాను. వాళ్ళిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలని తప్ప నాకు ఇంకో కోరిక లేదు. ఉన్నా ఇంత గట్టిది కాదు.

ఆ జూన్‌లో మొదలైన వాన ఆగలేదు, మా వైపు అది శీతాకాలం. మైదానాలు చెరువులయ్యాయి. పైగా నాన్న మోకాలు గుమ్మడికాయంత వాచింది. ఈ ఏడాదికి విశ్రాంతి తీసుకోమని లీగువాళ్ళు కబురు పంపారు. దాంతో ఆ శనివారం ఒంటిగంట కొట్టినా ఆయన కదలలేదు. రెండింటికి వాల్మోర్ గొడుగు దులుపుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇవాళ ఆట లేదా?" అన్నాడు నాతో.

"ఏ ఆటరా? మనదా, ఆయనదా?"

"ఆయనది."

"మైదానంలో బాతులు ఈదుతున్నాయి" అన్నాడు నాన్న మెషీను వెనక నుంచి, తననే అడిగినట్టు.

వాల్మోర్ నా మొహమే చూస్తూ, "బాతులకి కార్డు చూపించడం కుదరలేదు కాబోలు పాపం" అన్నాడు.

వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. మా ఇళ్ళల్లో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ పెద్దవాళ్ళని దీవించమని అడుగుతాం. వాడు నాన్నని దాటుకుని వంటింట్లోకి వెళ్ళి "దీవించమ్మా" అన్నాడు. "దేవుడు చల్లగా చూడాలి, తడి చెప్పులతో లోపలికొచ్చావేరా" అంది అమ్మ. వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.

నాన్న రెండు వారాలు మెషీను వెనకే ఉండి విన్నాడు. మాతో ఆడే మరిలేయ్ ఆసుపత్రిలో నర్సు, నోరు పెద్దది. ఎలోయ్ పోస్ట్‌మాన్, పుస్తకంలో పేజీ నంబర్లతో సహా వల్లె వేసేరకం. ఇద్దరూ కలిస్తే ప్రతి దెబ్బకీ పంచాయితీయే. మూడో వారం, కిందపడ్డవాడు లేస్తుండగా కొట్టిన దెబ్బ పడ్డవాడి మీద కొట్టినట్టా, లేచినవాడి మీద కొట్టినట్టా అని గంటసేపు కొట్టుకున్నారు. నాన్న ఇక తట్టుకోలేకపోయాడు.

"పడ్డవాడి మీదే!" అని అరిచాడు. "మోకాలు నేల మీద ఉన్నంతసేపూ వాడు పడ్డవాడే. దానికింత గోలెందుకు?"

మరిలేయ్ కుర్చీ జరిపింది. "ఓస్వల్డీనో గారూ, ఇలా వచ్చి కూర్చోండి. ఈ పోస్ట్‌మాన్‌తో నా ప్రాణం పోతోంది."

"రమ్మనడం బాగానే ఉంది, తర్వాత పొమ్మనలేవమ్మా" అంది అమ్మ వంటింట్లోంచి.

నేను వాల్మోర్ వైపు చూశాను. వాడు భుజాలెగరేశాడు. "నువ్వు మేస్త్రీవి, నీ ఇష్టం" అన్నాడు.

అలా నాన్న మా బల్లకి రిఫరీ అయ్యాడు. మూడు రోజుల్లో పుస్తకం మొత్తం చదివేశాడు. ఎర్ర పెన్సిల్‌తో గీతలు గీశాడు. కమలాపండు తొనలు వొలుచుకుంటూ, షిమర్రాన్ అనే చేదు ఆకు కషాయాన్ని సొరకాయ బుర్రలోంచి గొట్టంతో పీల్చుకుంటూ, అడిగిన ప్రశ్నకల్లా ఠక్కున తీర్పు చెప్పేవాడు. నిజం చెప్పాలంటే బాగానే చెప్పేవాడు. వాల్మోర్ మాత్రం ఆయనతో నేరుగా మాట్లాడేవాడు కాదు. "ఆయన్ని అడుగు" అనేవాడు నాతో. ఆయన పక్కనే ఉండి "వాడికి చెప్పు" అనేవాడు. ఇద్దరి మధ్యా నేను తపాలా మోశాను. అయినా ఒకే బల్ల, ఒకే కషాయం కెటిల్. నాకు పండగలాగే ఉండేది.

ఆగస్టు రెండో శనివారం వంతెన దగ్గర యుద్ధం జరిగింది. వాల్మోర్ వీరుడు బొరెక్, గొడ్డలి పట్టిన మరుగుజ్జు. ఏడేళ్ళుగా ఆడుతున్న పాత్ర. వాడి కాగితం చెరిపి చెరిపి బట్టలా మెత్తబడిపోయింది. ఎలోయ్ పూజారినీ మరిలేయ్ విలుకత్తెనూ అవతలి ఒడ్డుకి పంపి, బొరెక్ ఒక్కడే వంతెన మీద రాక్షసుణ్ణి ఆపాడు. ఇక వాడికి నాలుగు ప్రాణాలు మిగిలాయి.

"కాపు దెబ్బ" అంది మరిలేయ్ తన వంతు రాగానే. "బాణం ఎక్కుపెట్టి ఉంచుతున్నా. బొరెక్ మీద ఆ రాక్షసుడు చెయ్యెత్తాడా, వదిలేస్తా."

తర్వాతి వంతు వాల్మోర్‌ది. "వెనక్కి వస్తున్నా" అన్నాడు. "పరుగు కాదు. గొడ్డలి దించను, వాడి మొహం మీదనుంచి కన్ను తియ్యను. ఇంకే పనీ చెయ్యను. ఒక్కో అడుగూ వెనక్కి."

"ఎలా వచ్చినా వెన్నుదెబ్బ ఉంటుంది" అన్నాడు ఎలోయ్. "డెబ్భై నాలుగో పేజీ. శత్రువు దగ్గర్నుంచి జరిగినవాణ్ణి ఆ శత్రువు ఒక దెబ్బ ఊరికే కొట్టొచ్చు."

"కొట్టనీ! చెయ్యెత్తాడుగా, నా బాణం ముందు దిగుతుంది. ముప్ఫై ఒకటో పేజీ. కాపు దెబ్బ తను కాచుకున్న పనికన్నా ముందు పడుతుంది."

"ముందు పడేది ఎదుటివాడు తన వంతులో చేసే పనికి. పూర్తిగా చదువు తల్లీ. ఇది రాక్షసుడి వంతు కాదు, బొరెక్ వంతు. బొరెక్ వంతులో రాక్షసుడికి ఊరికే వచ్చిన దెబ్బ. దాని మీద మళ్ళీ నీకు ఊరికే వచ్చిన బాణం."

"వంతు ఎవడిదైతే ఏంటి? చెయ్యి ఎత్తింది వాడేగా!"

పేజీలు తిరగేశారు. పుస్తకం రెండు రకాలుగానూ మాట్లాడుతోంది. బాణం ముందు తగిలితే రాక్షసుడు చస్తాడు, బొరెక్ బతుకుతాడు. దెబ్బ ముందు పడితే బొరెక్ సంగతి పాచికకి తెలియాలి. అందరూ నా వైపు చూశారు. తీర్పు మేస్త్రీది. నేను చెప్పి ఉండాల్సింది. కానీ నాన్న ముందుకి వంగి ఉన్నాడు, పెన్సిల్ చేతిలో పట్టుకుని, కళ్ళు మెరుస్తున్నాయి. అంత సంతోషంగా ఆయన్ని చూసి ఎన్నేళ్ళయిందో. ఆయన మొహం చూసి నోరు మూసుకున్నాను. ఆ పిరికితనం నాది.

"వరసగా చూడండి" అన్నాడు నాన్న. "ముందు జరిగిందానికే ముందు ఊదాలి. అడుగు కదిలింది. అడుగుకి దెబ్బ లేచింది. దెబ్బని చూసి బాణం బయల్దేరింది. అడుగు, దెబ్బ, బాణం. వాడి వంతులో వాడు కొడితే బాణానికి టైముంటుంది. ఇక్కడ లేదు. దెబ్బ ముందు."

"ముఖం చూపిస్తూ వస్తున్నా అని చెప్పానే. దానికేమీ తేడా లేదా? అడుగు" అన్నాడు వాల్మోర్ నాతో.

"పుస్తకంలో అలాంటిది లేదని చెప్పు" అన్నాడు నాన్న.

పాచిక వేశాను. పదిహేడు. దెబ్బకి ఆరు ప్రాణాలు పోవాలి, ఉన్నవి నాలుగే, బొరెక్ చచ్చాడు. ఆ తర్వాత మరిలేయ్ బాణం కూడా తగిలి రాక్షసుడూ కూలాడు. ఎవరికీ సంతోషం లేదు.

వాల్మోర్ బొరెక్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. లేచి గొడుగు తీసుకున్నాడు. పదేళ్ళలో మొదటిసారి నాన్నతో నేరుగా మాట్లాడాడు.

"మీరు ఊదాక అయిపోయినట్టే కదా. నాకిది కొత్త కాదు."

ఆ పై శనివారం వాడు రాలేదు. తర్వాతి శనివారమూ రాలేదు. ఫోను చేస్తే ఫ్రిజ్‌లు ఎక్కువున్నాయన్నాడు. శీతాకాలంలో ఎవడి ఫ్రిజ్ చెడుతుంది? కోరి ఇద్దరినీ కలిపాను, ఉన్న ఆ శనివారాలు కూడా పోగొట్టుకున్నాను. నాన్న మీద కోపం, నా మీద అంతకన్నా కోపం. మూడు వారాలు ఆయనకి కెటిల్ అందించలేదు.

సెప్టెంబరు మొదట్లో ఆ పళ్ళ డాక్టరు ఇంటి నుంచి ఒకమ్మాయి షాపుకి ఒక పుస్తకం తెచ్చింది, కుట్లు ఊడిపోయాయి, బైండు చెయ్యమని. చూస్తే మా ఆట పుస్తకం. అసలుది. ఇంతకాలానికి చేతిలోకొచ్చింది కదా అని తెరిచాను. చెయ్యి తనంతట తానే డెబ్భై నాలుగో పేజీకి వెళ్ళింది. మా కాపీలో ఆ పేజీ ఎక్కడ ముగుస్తుందో నాకు కంఠతా వచ్చు. ఫుల్‌స్టాప్‌తో శుభ్రంగా ముగుస్తుంది. అసలు పుస్తకంలో దాని కింద ఇంకో రెండు లైన్లున్నాయి.

"అయితే ఆ వంతులో మరే పనీ చెయ్యక, శత్రువుకి ముఖం చూపిస్తూనే వెనక్కి నడిచేవానికి ఈ దెబ్బ వర్తించదు."

నాన్న ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు. సొరుగు తెరిచి అట్టముక్క తీశాడు. అంచులు పసుపెక్కిన అదే అట్ట. పేజీ అడుగున పరిచాడు. ఓ వేలి మందం పైకి జరిగిందంటే చాలు, ఆ రెండు లైన్లూ సరిగ్గా దాని కిందికి పోతున్నాయి. జరిపి చూశాడు, తీసి చూశాడు, మళ్ళీ జరిపాడు.

"నల్ల అంచు పడకూడదని" అన్నాడు.

ఊళ్ళో ఎంతమంది వీరులు ఆ అట్టముక్క కింద చచ్చారో లెక్కలేదు. ఇంకో రోజైతే నవ్వేదాన్ని.

"వాణ్ణి పిలు" అన్నాడు. "శనివారం రమ్మను. నేను చెప్పానని చెప్పు."

వచ్చాడు. బహుశా అమ్మ కూడా ఫోను చేసి ఉంటుంది. మరిలేయ్, ఎలోయ్ ముందే వచ్చి కూర్చున్నారు. నాన్న కూర్చోలేదు. మోకాలు పట్టుకుని నిలబడే, అసలు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టి, వేలితో చూపించాడు.

"ఆ రెండు లైన్లు నేనే మూసేశాను. అట్ట జరిగింది, నేను చూసుకోలేదు. వాడు ముఖం చూపిస్తూ వస్తున్నానన్నాడు, మరే పనీ చెయ్యనన్నాడు. వెన్నుదెబ్బే లేదు. దెబ్బ లేకపోతే బాణం గొడవే లేదు. బొరెక్ చావలేదు. తప్పు ఊదాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

వాల్మోర్ పేజీ చదివాడు. తల ఊపాడు. "అట్ట జరగడం తప్పు కాదు. ఎవరికైనా జరుగుతుంది" అన్నాడు. తర్వాత నెమ్మదిగానే, గొంతు పెంచకుండా, "బొరెక్ చచ్చినా నాకేం ఫరవాలేదు. వాడు కాగితం. ఒకటే మార్చాలనుకుంటే, మీరు చూసి కూడా మార్చంది ఇంకొకటుంది. అది మార్చండి" అన్నాడు.

వాల్మోర్ వాన తగ్గగానే వెళ్ళిపోయాడు.

ఆ బుధవారం నాన్న షాపు నా మీద వదిలి, రెండు బస్సులు మారి లీగు ఆఫీసుకి వెళ్ళాడు. సాయంత్రం రెయిన్‌కోటు కింద పెద్ద పాత నివేదికల పుస్తకమొకటి పెట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు.

"ఆ మోకాలితోనా!" అంది అమ్మ. "ఏమన్నారు?"

"నవ్వారు. పదేళ్ళనాటి ఆట ఫలితం ఎవడూ మార్చలేడన్నారు. రాసుకుంటే రాసుకోమన్నారు. రేపు పొద్దున పుస్తకం తిరిగివ్వాలి."

"రాశావా?"

"అక్కడే రాశాను."

అమ్మ వెళ్ళి వేణ్నీళ్ళ కాపడం తెచ్చి మోకాలి మీద పెట్టింది. ఆయన మెషీను ఆన్ చేశాడు. ఒక్క పేజీ కాపీ తీశాడు.

ఆ శనివారం చాలా రోజుల తర్వాత ఎండ కాసింది. వాల్మోర్ వస్తాడో రాడో నాకు తెలియదు. రెండున్నరకి వచ్చాడు. కూర్చోకముందే నాన్న ఆ కాగితం వాడి ముందు పెట్టాడు. పదేళ్ళ కిందటి ఫైనల్ నివేదిక. పైన నాన్న పాత దస్తూరీలో: బహిష్కరణ, నంబరు 4, వాల్మోర్. అడుగున కొత్త సిరాతో: నంబరు 4 కాదు, 14. ఒకటి బురదలో కనబడలేదు. ఆ సాయంత్రమే నాకు తెలిసింది. అయినా మార్చలేదు. నంబరు 4 ఏ తప్పూ చెయ్యలేదు. కింద సంతకం, తేదీ.

కాగితం చుట్టూ వేలెడు మందాన నల్లటి అంచు. పుస్తకం కుట్టు, చిరిగిన మూల, నాన్న బొటనవేలు నీడ, అన్నీ పడ్డాయి.

"ఓస్వల్డీనో గారూ, మీ కాపీకి నల్ల అంచా!" అంది మరిలేయ్. దానికి నోరు ఆగదు.

"అట్ట వెయ్యలేదు" అన్నాడు నాన్న.

వాల్మోర్ చదివాడు. చదవడానికి ఐదు లైన్లే, వాడికి చాలాసేపు పట్టింది. తర్వాత చొక్కా జేబులోంచి నాలుగు మడతల బొరెక్ కాగితం తీసి, విప్పి, అరచేత్తో సాపు చేశాడు. దాన్ని ఎప్పుడో చించేశాడనుకున్నాను నేను.

"వంతు నాదేనా?" అన్నాడు.

"నీదే" అన్నాను.

"వెనక్కి నడుస్తున్నా. ముఖం వాడి వైపే."

ఎలోయ్ పేజీ తియ్యబోయాడు. మరిలేయ్ వాడి చేతి మీద ఒకటి వేసింది. అందరం నాన్న వైపు చూశాం.

"దెబ్బ లేదు" అన్నాడు నాన్న.

బొరెక్ అవతలి ఒడ్డుకి చేరాడు. ఆ రోజు ఆట అంత గొప్పగా ఏమీ సాగలేదు. మరిలేయ్ పాచికలు అన్నీ తప్పాయి, పూజారి గుర్రాన్ని పోగొట్టుకున్నాడు. ఆరింటికి అందరూ లేచారు. వాల్మోర్ నల్ల అంచు కాగితాన్ని మడవకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"దీవించండి" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

అమ్మ వంటింట్లో కుళాయి తిప్పి గిన్నెలు కడుగుతోంది. వినబడలేదు. నేను అమ్మని పిలవబోయాను. వాల్మోర్ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు, గుమ్మంలోనే నిలబడ్డాడు. నాన్న మెషీను మీద చెయ్యి ఆనించి, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఆ దీవెన మాట అనేదాకా వాడు కదల్లేదు.